సంచి కింద కారిన నీళ్లను అడగండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మట్టి లేని సాగులో బుట్ట మిరప

బుట్ట మిరప (క్యాప్సికం) మీద సందేహాలు రాయమని ఆ మధ్య అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సమస్య చుట్టూ తిరిగాయి. అందుకే మొదటి జవాబు పొడుగైంది. చేవెళ్ల దగ్గర వెయ్యి చదరపు మీటర్ల పాలీహౌస్‌లో, కొబ్బరి పొట్టు సంచుల్లో నేను తొమ్మిదో పంట తీస్తున్నాను. ఇక్కడ రాసేవన్నీ ఆ సంచుల మధ్య తిరిగి నేర్చుకున్నవే.

*

"మాకు అర ఎకరం పాలీహౌస్ ఉంది. సెప్టెంబరులో నాటాం. ఫిబ్రవరి చివరి దాకా కాయ అద్దంలా వచ్చింది. ఇప్పుడు ప్రతి నాలుగు కాయల్లో ఒకదానికి అడుగున గోధుమ రంగు మచ్చ పడుతోంది, పట్టుకుంటే తోలులా ఉంటోంది. కాల్షియం లోపమని దుకాణంలో చెప్పారు. ఇరవై రోజుల్లో మూడుసార్లు కాల్షియం పిచికారి చేశాం. ఎరువు నీటి ఈసీని (చిక్కదనాన్ని) 2.2 నుంచి 2.8కి పెంచాం. తగ్గకపోగా ఎక్కువైంది."
– ఒక రైతు, శంకర్‌పల్లి

ముందు ఈసీ తగ్గించండి. రెండు మూడు రోజుల్లో మెల్లగా 1.8కి దింపండి. కారణం ఆ తర్వాత చదవవచ్చు.

దుకాణంలో చెప్పింది సగం నిజం. కాయలో కాల్షియం తక్కువైన మాట వాస్తవమే, కానీ మీ ట్యాంకులో తక్కువ కాలేదు. కాల్షియానికి సొంత కాళ్లు లేవు. వేరు తాగిన నీటితో పాటు అది ఎటు పోతే అటు పోవాల్సిందే. నీరు ఎటు పోతుంది? ఎక్కడ ఆవిరి ఎక్కువగా లేస్తే అటు. ఆకుకు వేలాది రంధ్రాలు ఉంటాయి. బుట్ట మిరప కాయకు మైనం పూసినట్టుండే తోలు, ఆవిరి దాదాపు లేవదు. మార్చి మధ్యాహ్నం వేడిగాలి కొట్టినప్పుడు వేరు పీల్చిన నీరంతా ఆకులకే ఎక్కుతుంది, కాయకు మిగిలేది చాలా తక్కువ. అందులోనూ తొడిమకు దూరంగా ఉన్న అడుగు భాగానికి ఇంకా తక్కువ. మచ్చ అక్కడే ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆకులో చేరిన కాల్షియం మళ్లీ వెనక్కి కదలదు కాబట్టి ఆకుల మీద చేసే పిచికారి కాయ దాకా రాదు.

ఇక ఈసీ సంగతి. నీటిలో కరిగిన ఎరువుల చిక్కదనాన్ని చెప్పే అంకె అది. నీరు ఎంత చిక్కనైతే వేరుకు తాగడం అంత కష్టం. ఎండ ముదిరాక మొక్క నీటిని ఎక్కువగా, ఎరువును తక్కువగా తీసుకుంటుంది. మిగిలిన ఉప్పులు సంచిలోనే పేరుకుంటాయి. మీరు 2.8 పోస్తున్నారు గానీ వేరు చుట్టూ ఉన్నది 4, 5 కూడా కావచ్చు. అది తెలుసుకోవడానికి ఒక్కటే మార్గం, సంచి కింద కారిన నీటిని కొలవడం. మట్టి లేని సాగులో నేను గట్టిగా నమ్మేది ఇదే. పోసిన నీళ్లు మన ఉద్దేశాన్ని చెబుతాయి, కారిన నీళ్లు మొక్క అవస్థను చెబుతాయి.

మా దగ్గర మూడు చోట్ల సంచి కింద రేకు పళ్లెం, దాని చివర పాత పెరుగు డబ్బా పెట్టాం. పక్కనే ఒక అదనపు డ్రిప్పర్‌ను సీసాలోకి వదిలాం. సాయంత్రం అయిదింటికి మా అత్తగారు కొలగ్లాసుతో రెండింటినీ కొలిచి, గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాస్తారు. కిందటి ఏడాది మార్చి 19 గడి ఇప్పటికీ దాచి ఉంచాను. సీసాలో 1,200 మిల్లీలీటర్లు. సంచికి నాలుగు డ్రిప్పర్లు కాబట్టి ఆ రోజు సంచికి పోసింది 4,800. డబ్బాలో 430. అంటే తొమ్మిది శాతమే కారింది. పోసిన నీటి ఈసీ 2.2, కారిన నీటి ఈసీ 4.6. ఆ రోజు మొక్కలు నిగనిగలాడుతున్నాయి, ఒక్క మచ్చ కూడా లేదు. "గ్లాసులో నీళ్లు టీ రంగుకు తిరిగాయమ్మా, ఎప్పుడూ ఇలా లేవు" అని అత్తగారు అన్నారు. నేను రెండు రోజులు ఆలస్యం చేశాను. తర్వాతి పది రోజుల్లో, ఆ వారంలో పిందెగా ఉన్న కాయలన్నిటికీ అడుగున మచ్చ తేలింది. తడులు నాలుగు పెంచి ఈసీని 1.8కి దింపాక, కారే నీరు 28 శాతానికి, దాని ఈసీ 2.6కి వచ్చాయి. ఆ తర్వాత కట్టిన పిందెలు శుభ్రంగా పెరిగాయి.

మీరు చేయాల్సింది కూడా అదే. ఎండాకాలంలో పోసిన నీటిలో నాలుగో వంతు నుంచి 30 శాతం దాకా కారిపోవాలి. కారిన నీటి ఈసీ, పోసిన దానికంటే ఒకటికి మించి ఎక్కువ ఉండకూడదు. ఒకేసారి ఎక్కువ పోయకండి. మొక్కకు తడికి వంద మిల్లీలీటర్లు చాలు, మధ్యాహ్నం వాటిని దగ్గర దగ్గరగా ఇవ్వండి. పొద్దు పొడిచిన గంటకు మొదటి తడి, పొద్దుగూకే రెండు గంటల ముందు చివరిది. సాయంత్రానికి సంచి మరీ ఎండిపోనివ్వకండి. రాత్రి ఆకుల నుంచి ఆవిరి తగ్గినప్పుడు వేరు తన ఒత్తిడితో నీటిని పైకి నెడుతుంది, కాయకు కాల్షియం అందే మంచి వేళ అదే. పొడి సంచిలో వేరు నెట్టడానికి ఏమీ ఉండదు. అమ్మోనియా రూపంలో ఉన్న నత్రజనిని ఈ రెండు నెలలు మానేయండి, పొటాష్ కూడా మితిమీరనివ్వకండి. రెండూ కాల్షియంతో పోటీ పడతాయి. పదకొండు నుంచి మూడు దాకా పైన నీడ తెర లాగండి.

మచ్చ పడిన కాయ ఇక బాగుపడదు. వెంటనే తుంచేయండి, మొక్క దానికి పెట్టే తిండి మరో కాయకు దక్కుతుంది. తుంచే ముందు ఒక్కసారి మచ్చ ఏ చోట ఉందో చూడండి. ఎండకు ఎదురుగా ఉన్న భుజం మీద, తెల్లగా, కాగితంలా ఉంటే అది ఎండదెబ్బ. దానికి మందు ఆకుల నీడ మాత్రమే, పైఆకులు ఎక్కువగా కత్తిరించారేమో చూసుకోండి.

*

"మాది కొబ్బరి సీమ. పీచు తీసే మిల్లుల దగ్గర పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది, దాదాపు ఉచితమే. పొల్లాచ్చి నుంచి వచ్చే నొక్కిన పొట్టు ఇటుకలు కొనకుండా దీన్నే సంచుల్లో నింపుకోవచ్చా?"
– ఒక పాఠకుడు, అంబాజీపేట

నింపుకోవచ్చు, కానీ నేరుగా కాదు. తాజా పొట్టును బకెట్లో నానబెడితే నీరు కాసేపట్లో కషాయంలా మారుతుంది. అలా నీటిలోకి దిగే టానిన్లు (ఒగరు పదార్థాలు) లేత వేరుకు పడవు. పైగా తాజా పొట్టు కుళ్లే క్రమంలో మీరు పోసే నత్రజనిని తానే తినేస్తుంది. కాబట్టి కొన్ని వర్షాకాలాలు తడిసిన పాత గుట్ట అడుగు భాగాన్ని ఎంచుకోండి, ముదురు గోధుమ రంగులో ఉంటుంది, చేతిలో పిండితే స్పంజిలా మళ్లీ లేస్తుంది.

అసలు చిక్కు ఉప్పుతో. కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం సహజంగానే ఎక్కువ. మామూలు నీటితో కడిగితే విడిగా ఉన్న ఉప్పు పోతుంది. పొట్టు రేణువులను అంటిపెట్టుకున్నది పోదు. అది అక్కడే కాచుకుని ఉండి, మీరు మొక్కకు ఇచ్చిన కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతుంది. మొదటి నెలలోనే మొక్కలు పాలిపోవడానికి చాలా చోట్ల కారణం ఇదే. అందుకని ముందు మంచినీటితో కడగండి, తర్వాత ఈసీ 2 వచ్చేలా కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక పగలూ రాత్రీ నానబెట్టండి. పట్టుకునే కాల్షియం అంతా అప్పుడే పట్టుకుంటుంది. మళ్లీ మంచినీటితో కడగండి. గుప్పెడు పొట్టు పిండి ఆ నీటిని కొలిస్తే ఈసీ మీ మామూలు నీటికి దగ్గరగా రావాలి. రాకపోతే ఇంకోసారి కడగాలి. సముద్రానికి దగ్గర బోరు నీటితో మాత్రం కడగకండి, చేసిన పనంతా వృథా అవుతుంది. కాలువ నీరో వాన నీరో కావాలి.

కేవలం మెత్తని పొట్టే నింపితే సంచి అడుగున నీరు నిలిచి వేరుకు గాలి ఆడదు. మీ ఊళ్లో కొబ్బరి డొక్కలకు కొరత లేదు కదా, వేలి గోరంత ముక్కలు చేసి మూడో వంతు కలపండి. ఇది శ్రమ తీసుకునే పని. కూలి లెక్క వేసుకున్నాక 5 కిలోల ఇటుక నానితే 70 లీటర్ల దాకా వస్తుందన్నది గుర్తు పెట్టుకుని రెండు ఖర్చులూ పోల్చి చూడండి. ఉచితంగా దొరికేది ప్రతిసారీ చవక కాదు.

*

"మొదటి కోత బ్రహ్మాండంగా వచ్చింది. ఆ తర్వాత నెల రోజులుగా పూత వస్తోంది, రాలిపోతోంది. కట్టిన కొన్ని పిందెలు చదునుగా టమాటాలా ఉన్నాయి. బోరాన్ లోపమా?"
– ఒక మహిళా రైతు, సిద్దిపేట

మీరు ఉత్తరం రాసిన తేదీ జనవరి 6. మీరు చెబుతున్నవి రెండు వేర్వేరు సంగతులు.

చదునైన పిందె చలి పని. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి పోతే పుప్పొడి సరిగా తయారు కాదు. గింజ పడని కాయ సాగదు, అడ్డంగా ఉండిపోతుంది. ఒకటి కోసి చూడండి, లోపల గింజలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. సిద్దిపేట వైపు డిసెంబరు, జనవరి రాత్రులు ఎలా ఉంటాయో మీకే తెలుసు. పక్క తెరలు పొద్దుగూకాక దించితే లాభం లేదు. ఎండ వేడి ఇంకా లోపల ఉన్నప్పుడే, నాలుగింటికే దించండి. ఉదయం తేమ పోవడానికి మాత్రం తొమ్మిదింటికల్లా ఎత్తాలి, లేకపోతే బూడిద తెగులు పట్టుకుంటుంది.

పూత రాలడం మాత్రం ఈ మొక్క స్వభావం. బుట్ట మిరప ఆగి ఆగి కాస్తుంది. ఒక విడత కాయలు బరువెక్కే మూడు నాలుగు వారాలు ఆకు చేసిన చక్కెరంతా అవే లాగేసుకుంటాయి. కొత్త పూవుకు ఏమీ మిగలదు, అది రాలిపోతుంది. ఆ కాయలు కోశాక మళ్లీ ఒక్కసారిగా పిందె పడుతుంది. హాలండ్‌లో అద్దాల ఇళ్లలో చదరపు మీటరుకు 25 కిలోలకు పైగా తీసేవారు కూడా ఈ ఎగుడుదిగుడుతోనే వేగుతున్నారు. పూర్తిగా పోగొట్టలేం, మెత్తబరచగలం. మొక్క చీలే మొదటి కణుపు దగ్గర వచ్చే పూవును కనికరం లేకుండా గిల్లేయండి. ఆ కాయను ఉంచితే మొక్క ఎదుగుదలే ఆగుతుంది. రెండు కొమ్మలే ఉంచి తాళ్లకు ఎక్కించండి, పక్క కొమ్మను ఒకటి రెండు ఆకుల తర్వాత తుంచండి. ఒక కొమ్మ మీద ఒకేసారి పెరిగే కాయలు నాలుగుకు మించితే నేను ఒకటి పచ్చిగానే కోసి అమ్మేస్తాను. రంగు కాయ ధర పోతుందని ప్రాణం ఉసూరుమంటుంది. అయినా కోస్తాను, ఎందుకంటే తర్వాతి నెల ఖాళీగా ఉండదు.

బోరాన్ జోలికి వెళ్లకండి. అవసరం లేకుండా వేస్తే ఆకు అంచులు మాడతాయి.

*

"కాల్షియం నైట్రేట్‌కు వేరే ట్యాంకు ఎందుకు? అన్నీ ఒకే ట్యాంకులో కలిపితే మోటారు ఒకటి మిగులుతుంది కదా."
– ఒక యువ రైతు, మదనపల్లె

నా మొదటి పంటలో ఎరువులు అమ్మిన మనిషి కూడా సరిగ్గా ఇదే మాట చెప్పాడు, నేను నమ్మాను. మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం నైట్రేట్ ఒకే ట్యాంకులో చిక్కగా కలిపాం. నాలుగో రోజుకు అడుగున సున్నం లాంటి తెల్లటి మడ్డి. కర్రతో కలిపి వాడుతూ పోయాం. అది ఎరువు కాదు, జిప్సం. చిక్కటి ద్రావణంలో కాల్షియం, సల్ఫేట్‌తో కలిస్తే జిప్సం అవుతుంది, ఫాస్ఫేట్‌తో కలిస్తే అదీ గడ్డకడుతుంది. కరగదు. ఒక ఆదివారం పొద్దున వరుసల చివర మొక్కలు తలలు వాల్చి కనిపించాయి, డ్రిప్పర్ల నోళ్లు మూసుకుపోయాయి. 2,800 మొక్కల్లో మూడు వందల దాకా పోయాయి. వాటిని పీకి బయట వేసిన సాయంత్రం ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

కాల్షియం నైట్రేట్, ఇనుము కీలేటు (నీటిలో కరిగి ఉండే ఇనుము) ఒక ట్యాంకులో, సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు, సూక్ష్మ పోషకాలు రెండో ట్యాంకులో. పొటాషియం నైట్రేట్ ఎందులోనైనా కలపవచ్చు. నీటిలో పలచబడ్డాక రెండూ కలిసినా ప్రమాదం లేదు. మోటారు ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు.

*

"పచ్చ, ఎరుపు, పసుపు కాయలు వేర్వేరు మొక్కలకు కాస్తాయా? రంగు వేస్తారని మా వీధిలో అంటున్నారు. అడుగున మూడు బొడిపెలుంటే మగ కాయ, నాలుగుంటే ఆడ కాయ అన్నది నిజమా?"
– ఒక గృహిణి, విజయవాడ

రంగు ఎవరూ వేయరు. ఎరుపు, పసుపు కాయలు కూడా మొదట పచ్చగానే ఉంటాయి. కోయకుండా ఇంకో మూడు నాలుగు వారాలు వదిలితే పత్రహరితం తగ్గి కొత్త రంగు తయారవుతుంది. అది ఎరుపా పసుపా అన్నది రకాన్ని బట్టి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క మోహిని ఎర్రబడుతుంది, ఒరోబెల్ పసుపు తిరుగుతుంది. ఎరుపుకు కారణమైన క్యాప్సాంథిన్ మిరప జాతి సొంత రంగు. పండిన కాయలో విటమిన్ సి కూడా పచ్చిదానికంటే ఎక్కువే. అన్ని వారాలు చెట్టు మీద కాపాడాలి కాబట్టే ధర ఎక్కువ.

కాయలో మగా ఆడా ఉండవు. పూవులోనే రెండు అవయవాలూ ఉంటాయి. బొడిపెల లెక్క రకాన్ని, వాతావరణాన్ని బట్టి మారుతుంది, ఒకే మొక్కకు రెండు తీరులూ చూపించగలను.

*

"పాలీహౌస్ చుట్టూ మా మిరప చేలే. లోపల లేత ఆకులు పడవల్లా పైకి ముడుచుకుంటున్నాయి."
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. మిరప రైతులకు ఇది చెప్పాల్సిన పని లేదు. 2021లో నల్ల తామర పురుగు మీ జిల్లాలో, గుంటూరులో చేలకు చేలు ఎలా తుడిచిపెట్టిందో మీరు చూసే ఉంటారు. అది పూవులోనే దాక్కుంటుంది. తెల్ల కాగితం మీద పది పూలు దులిపి లెక్కపెట్టండి. చేలో పనిచేసిన బట్టలతో లోపలికి వెళ్లడం ఈ రోజే ఆపండి. రెండు తలుపుల గది, నీలి రంగు జిగురు అట్టలు, చిరగని సన్నకన్ను వల ఉండాలి. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే పురుగును తినే మిత్ర పురుగులు పోయి, మందుకు అలవాటుపడిన తామర పురుగే మిగులుతుంది.

*

"సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి, అప్పు తీసుకుని ఎకరంలో ఇదే సాగు మొదలుపెడదామనుకుంటున్నాను. మీ సలహా?"
– ఒక పాఠకుడు, హైదరాబాద్

ఎకరం వద్దు. పావు ఎకరంతో మొదలుపెట్టి రెండు పంటలు తీయండి, అప్పటిదాకా ఉద్యోగం వదలకండి. మట్టిలో ఒక పూట నీళ్లు ఆగినా నేల కాపాడుతుంది. సంచిలో మొక్కకు దక్కేది అయిదారు లీటర్ల పొట్టు మాత్రమే. ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయి, జనరేటరు మొండికేస్తే ఆ పంట మీ కళ్ల ముందే వాలిపోతుంది. అందుకే ఇంటి నుంచి పది నిమిషాల్లో చేరగలిగే చోటే కట్టుకోండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటితే చలికాలమంతా మంచి కాయ చేతికొస్తుంది. కట్టక ముందే నెల రోజులు తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లి, ఏ కాయ ఏ ధరకు పోతోందో రాసుకోండి. రెండో రకం కాయల గుట్ట దగ్గర కూడా నిలబడండి.

పైకప్పు మీద పడే వాన నీటిని దయచేసి వదులుకోవద్దు. వెయ్యి చదరపు మీటర్ల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే వెయ్యి లీటర్లు. మన వైపు ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు పడుతుంది. ఉప్పు లేని అంత నీరు ఏ బోరూ ఇవ్వదు. తెలంగాణ బోర్లలో చాలా వాటిలో బైకార్బొనేటు ఎక్కువ, ఆమ్లం కలిపి దాన్ని తగ్గించకపోతే పీహెచ్ (నీటి ఆమ్లత్వం కొలత) 6 దగ్గర నిలవదు, ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కుతాయి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు. బైకార్బొనేటును ఆమ్లంతో సర్దుకోవచ్చు గానీ సోడియానికి విరుగుడు లేదు. లీటరుకు 70 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు మీద ఆధారపడి ఈ సాగు పెట్టకండి.

మీ ఉత్తరంలో నీటి పరీక్ష ఊసే లేదు. పాలీహౌస్ కట్టేవారితో మాట్లాడే ముందు బోరు నీటిని పరీక్షకు పంపండి. పీహెచ్, ఈసీలతో పాటు బైకార్బొనేటు, సోడియం, క్లోరైడు, కాల్షియం, మెగ్నీషియం అంకెలు విడివిడిగా ఇవ్వమని అడగండి. ఆ కాగితం నకలు జతచేసి మళ్లీ రాస్తే, ట్యాంకుల్లో ఏది ఎంత కలపాలో లెక్క వేసి వచ్చే సంచికలో ఇస్తాను.